గోడ గూట్లో మామిడి ఊపిరి

మొదటి జీతం అందుకున్న రోజుల్లో మనకు తెలియనిది లోకంలో ఏదీ లేదనిపిస్తుంది. నాకైతే మరీ ఎక్కువగా అనిపించేది. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో మాత్రలను పరీక్షించే పనిలో కొత్తగా చేరాను. ఏ వస్తువు చేతికొచ్చినా వెనక్కి తిప్పి బ్యాచ్ నంబరూ గడువు తేదీ చదివే జబ్బు పట్టుకుంది. (సబ్బును అలా తిప్పి చదువుతుంటే కిరాణా దుకాణం ఆయన, "ఏందమ్మా, తింటవా?" అని అడిగాడు.) ఒక ముసలావిడ ఇంట్లో కిరాయికి ఉండేదాన్ని. పెద్ద గదికి నడుమ గోడ కట్టి రెండు గదులు చేశారు. ఆ గోడ పైకప్పు దాకా పోలేదు కాబట్టి అటువైపు నుంచి ఇంటి అవ్వ గురక నాకూ, ఇటువైపు నుంచి నా ఫోను ముచ్చట్లు ఆమెకూ ధారాళంగా అందేవి. ఆమె భర్త పోయి కొన్నేళ్లయింది.

మా మేనత్త కొడుకు ఆ చుట్టుపక్కల ప్లాట్లు అమ్మిపెట్టేవాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకునే అన్నం తినేవాడు కాబట్టి అతనికి మా ఇంట్లో స్టైల్ బావ అని పేరు. ఒకరోజు దగ్గుకుంటూ వచ్చి, లావుపాటి పెన్నుల్లాంటివి రెండు వాటి డబ్బాలతో సహా నా చేతిలో పెట్టాడు. అవి వేప్‌లు, అంటే బ్యాటరీ సిగరెట్లు. నిప్పూ అగ్గిపుల్లా అక్కర్లేదు, మూతి నోట్లో పెట్టుకుని పీలిస్తే చాలు. కొనకు నీలం లైటు వెలిగి, లోపలి బ్యాటరీ వేడికి వాసన ఆవిరి వస్తుంది. అయిపోతే పారేయడమే. మన దగ్గర వాటినింకా నిషేధించని రోజులవి.

"ఒకటి దుబాయ్ దోస్తు ఇచ్చిండు, ఇంకోటి హైదరాబాద్‌ల కొన్న. ఏది ఎక్కడిదో మర్చిపోయిన. దగ్గు ఆగుతలేదు. నువ్వు మందులు చెక్ చేస్తవ్ గద, గిండ్ల అస్లీ ఏదో నకిలీ ఏదో జర చూసి చెప్పు."

"రెండూ బంద్ చేస్తే అయిపోతది గద బావా?"

"గా మాట దవాఖానల డాక్టరు గూడ చెప్తడు. మరి నీ దగ్గరికెందుకొచ్చిన?"

ఆ వారం నాది రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. పడుకునే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే పొడవు, ఒకే పసుపు రంగు, రెండింటి మీదా మామిడిపండు బొమ్మ. ఒకటి చేతికి బరువుగా ఉంది, అతుకెక్కడో కనపడదు. రెండోది తేలిక, మూతి దగ్గర గోరు దూరేంత సందు. దాని డబ్బా మీద గడువు తేదీ తయారీ తేదీకంటే ముందే ఉంది. (పుట్టకముందే కాలం చేసిన సరుకన్నమాట.) డబ్బా మీద గీకితే బయటపడే నంబరును వెబ్‌సైట్‌లో కొడితే అసలో నకిలీనో చెబుతుందట. తేలికదాని నంబరు కొట్టాను. అభినందనలు, ఇది అసలైనదే అని వచ్చింది. అనుమానమొచ్చి సబ్బు నంబరు కొట్టాను. అభినందనలు. నా ఫోను నంబరు కొట్టాను. నేను కూడా అసలైనదాన్నేనట! నవ్వుకున్నాను గానీ, ఎవరూ లేని ఇంటి తలుపు తడితే లోపలి నుంచి "రా" అన్నట్టుంది. రెండింటినీ గోడ గూట్లో పెట్టి, అటూ ఇటూ తిరిగే బల్ల ఫ్యాను వేసుకుని పడుకున్నాను.

మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి గదిలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"స్‌స్‌..." అని నిదానంగా, సుఖంగా ఒక పీల్పు. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ అదే. బతుకమ్మ పండుగ దాటిపోయిన రోజుల్లో గది నిండా మాగిన మామిడిపండు వాసన. గూట్లో నీలం చుక్క ఒకటి మెల్లగా వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. నోరు పెట్టి పీలిస్తేనే కదా అది వెలిగేది! మరి పీలుస్తున్నది ఎవరు? లేచి రెండడుగులు వేసి గూటి ముందు నిలబడగానే ఆ ఊపిరి చప్పుడు ఆగిపోయింది. వచ్చి మంచం మీద కూర్చోగానే మళ్లీ మొదలైంది. నన్ను చూసి ఆగుతోందన్నమాట. మాత్రలు పరీక్షించే ఆ వీరనారి దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది.

అప్పుడే గోడకు అటువైపు అవ్వ మాటలు వినిపించాయి.

"వచ్చినవా? బతికున్నన్నాళ్లు ఇంటికొక్క మామిడిపండు తేలే. గిప్పుడు వాసన పట్టుకొని వచ్చినవా?"

ఎదుటి మనిషి జవాబు వింటున్నట్టు ఆగింది. ఇటువైపు గూటి నుంచి "స్‌స్‌..." మని వచ్చింది.

"గట్లనకు. జాతరల నన్నిడిసిపెట్టి ఒక్కనివే బస్సెక్కొస్తివి. నేను గాజుల దుకాణం కాడ ఆగింది నిజమే. వెనకకు మర్లి చూడొద్దా? పెండ్లాం ఉన్నదా లేదా అని యాదికుండొద్దా?"

ఆ తగవు నేను డ్యూటీకి తయారయ్యే దాకా సాగింది. ఫ్యాను ఆపేసి, గూటి వైపు చూడకుండా తాళం వేసి బయటపడ్డాను.

పొద్దున తిరిగొచ్చేసరికి నా తలుపు తీసే ఉంది. అవ్వ దగ్గర ఇంకో తాళంచెవి ఉండేది. ఫ్యాను తిరుగుతోంది. గూట్లో వేప్‌ల పక్కనే నూనె దీపం, దాని ముందు పళ్లెంలో అన్నం. అవ్వ కింద కూర్చుని ఉంది.

"చప్పుడు చెయ్యకు బిడ్డా. ఉక్కపోస్తదని ఫ్యానేసిన. గిప్పుడే వచ్చిండు."

నా కళ్లు దీపం మీద పడ్డాయి. ఫ్యాను ముఖం గూటి వైపు తిరిగినప్పుడల్లా దీపం వాలుతోంది. వాలిన ప్రతిసారీ నీలం చుక్క వెలుగుతోంది. ఫ్యాను అటు తిరిగితే దీపం నిలబడుతోంది, చుక్క ఆరిపోతోంది. నకిలీదాని లోపలి సెన్సరు, మూతి దగ్గరి సందులో దూరిన గాలినే మనిషి పీల్పు అనుకుంటోంది! నిన్న నేను అడ్డం నిలబడితే ఆగింది కూడా అందుకే.

ఫ్యాను ఆపేశాను. అయినా చుక్క ఆరలేదు, సెన్సరు అలాగే ఇరుక్కుపోయినట్టుంది. "స్‌స్‌" అనేది ఆగకుండా సాగింది. మామిడి వాసన పోయి ప్లాస్టిక్ కాలే వాసన వచ్చింది. పసుపు గొట్టం పొట్ట ఉబ్బింది. దాని పక్కనే దీపం!

"అవ్వా, బయటికి నడువు!" అని అరిచి, ఆమె వంటింటి నుంచి పట్టకారు తెచ్చి దాన్ని పట్టుకుని, వాకిట్లో ఇల్లు కట్టేవాళ్లు పోసిన ఇసుక కుప్ప మీదికి విసిరాను. అది బుస్సుమని, నిప్పు కక్కి, నల్లబడి ఊరుకుంది.

సాయంత్రం వచ్చిన బావ నల్లద్దాలు తీసి మరీ ఇసుకలో నల్లమచ్చను చూశాడు.

"అస్లీ ఏది?" అన్నాడు మెల్లగా.

"పేలనిది. ఇంకా పేలనిది. కావాల్నా?"

వద్దన్నాడు. మర్నాడు దవాఖానకు పోయాడు. దగ్గు తగ్గడానికి చాలా వారాలు పట్టింది.

అవ్వకు మాత్రం ఫ్యాను సంగతి, గాలి సంగతి, సెన్సరు సంగతి అన్నీ విడమరచి చెప్పాను. ఆమె పట్టకారు తుడుస్తూ అంతా విన్నది.

"గట్లనా," అంది చివరికి. "మరి నేను చెప్పినయన్ని ఎవరు విన్నట్టు?"

"నేను విన్న అవ్వా," అన్నాను.

"అంతా విన్నవా?"

"అంతా విన్న."

ఆమె కొంచెం దగ్గరికి జరిగింది. "అయితే నువ్వే చెప్పు బిడ్డా. తప్పు నాదా, ఆయనదా?"

నేను గడువు తేదీ చదివేటంత గంభీరంగా ఆలోచించి, "ఆయనదే అవ్వా," అని తీర్పు చెప్పాను. ఆమె తృప్తిగా తలాడించి చాయ్ పెట్టడానికి లేచింది. ఇప్పుడు నాకూ పెళ్లయి కొన్నేళ్లయింది. మా ఇంట్లో చిన్న తగవు వచ్చినా తప్పెవరిదో నాకే తేలదు. గాలికీ దయ్యానికీ తేడా తెలియక దుప్పటి కప్పుకున్న ఆ పిల్ల, ఒక జీవితకాలపు కాపురం మీద రెండు నిమిషాల్లో తీర్పెలా చెప్పిందో! అవ్వ పక్కన కాసేపు కూర్చుని, ఆ చాయ్ ఇంకొక్కసారి తాగాలనిపిస్తుంది.