నీ చేతులే చెప్పాలె

జన్నారం దాటాక అడవిలో ఒక మలుపు దగ్గర, బండ్ల వేగం తగ్గాలని రోడ్డుకు అడ్డంగా మందపాటి తెల్ల గీతలు వేశారు. నిన్న పొద్దున డ్యూటీకి ఉట్నూరు వెళ్తూ వాటి మీదుగా పోయాను. స్టీరింగ్ సన్నగా వణికింది. అరచేతుల్లో చీమలు పారినట్టు జుమ్మంది. గీతలు దాటగానే ఆగిపోయింది. అది రోడ్డు వణుకే గాని కారుది కాదని తెలుసు. అయినా ఆ జుమ్మనడం మోచేతుల దాకా పాకిన ఆ కాసేపూ దావీదు మామ గొంతు చెవిలో వినబడింది.

కరీంనగర్‌లో మా పక్కింటాయన దావీదు మామ. చుట్టరికమేమీ లేదు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మేము కొండగట్టు అంజన్నకు మొక్కేవాళ్ళం. పెళ్ళయి ఆ వాడకు వచ్చిన కొత్తలో ఆయన భార్య మరియమ్మ గోడ మీదుగా కూరగిన్నె అందిస్తూ "నన్ను అత్తా అని పిలువు స్వరూపా" అన్నది. అట్లా ఆయన నాకు మామ అయ్యాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా ఉండేవాడు. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కానే వేసుకునేవాడు. నవ్వు వస్తే ముందు భుజాలు కదిలేవి, ఆ తర్వాతే నోరు తెరుచుకునేది.

మా ఆయన మస్కట్‌లో పని చేసేవాడు. నాకు ఉట్నూరు దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉద్యోగం వచ్చింది. పాప కరీంనగర్‌లో మా అత్తమ్మ దగ్గర పెరుగుతోంది. సెలవు దొరికినప్పుడల్లా బస్సులు మారి మారి ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయి ఉండేది. అది చూడలేక మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఒక పాత కారు కొనిపెట్టాడు. నాకు నడపడం నేర్పే తీరిక మాత్రం ఆయనకు లేకపోయింది. ఆ పని మామ తనంతట తానే మీదేసుకున్నాడు.

చర్చి వెనక మైదానంలో నేర్పాడు. అరిచేవాడు కాదు. గేరు కరకరలాడితే "జర మెల్లగ బిడ్డా, దానికి గూడ నొప్పి లేస్తది" అనేవాడు. ఒక్కనాడూ నా చేతిలోంచి స్టీరింగ్ గుంజుకోలేదు. ఒకసారి ప్రహరీగోడ దాకా పోయి, ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాను. ఆయన ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకునే ఉన్నాడు.

"జర పట్టుకోరాదు మామా!" అన్నాను ఏడుపు గొంతుతో.

"గోడను నువ్వు జూసినవు, బ్రేకు నువ్వు దొక్కినవు. ఇగ నాతోని ఏం పని?" అన్నాడు.

అట్లా నేర్చుకున్న నేను అడవి రోడ్డు మీద ఒంటరిగా రావడం పోవడం అలవాటు చేసుకున్నాను. పాప మేలుకుని ఉండగానే ఇల్లు చేరేదాన్ని. అది మాకు చిన్న సంగతి కాదు. ఒక వానాకాలం రోడ్లన్నీ గుంతలు పడ్డాయి. వానలు తగ్గాక మంచి రోడ్డు మీద వేగం అందుకోగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. వేగం తగ్గిస్తే పోయేది. ఫోనులో చెబితే మా ఆయన "నువ్వు గట్టిగ పట్టుకుంటున్నవు, ఒదులుగ పట్టుకో" అన్నాడు. మా మరిది శ్రీకాంత్ బజారు గల్లీల్లో ఒక చుట్టు తిప్పి తెచ్చి, "బండి మంచిగనే ఉంది వదినా, నీ చేతులే వణుకుతున్నయ్" అని నవ్వాడు. "భయమైతే బస్సుల పో బిడ్డా" అన్నది అత్తమ్మ, ప్రేమగానే. సూదులు వేసే చేతులు నావి. సెలైన్ ఎక్కించేటప్పుడు వాటి వంక దొంగచూపులు చూసుకోవడం మొదలుపెట్టాను.

ఈ మాటలు గోడ అవతల మామ చెవిన పడ్డాయి. పొద్దున్నే వచ్చి కారు పక్కన నిలబడ్డాడు.

"ఎప్పుడు వణుకుతుంది బిడ్డా? బ్రేకు దొక్కితెనా, దొక్కకున్ననా?"

"దొక్కకున్నా."

"మెల్లగ పోతే?"

"మెల్లగ పోతే లేదు. జోరందుకుంటే వస్తది."

"గిట్ల ఎవలన్న అడిగిండ్రా నిన్ను?"

ఎవరూ అడగలేదు. రోగి నొప్పి అన్నప్పుడు మేము అడిగే మాటలే అవి. నా మాటకు కూడా అట్లాంటి ప్రశ్నలు పనికొస్తాయని నాకే తోచలేదు.

జగిత్యాల రోడ్డు మీద నన్నే నడపమని, పక్కన కూర్చుని విన్నాడు. బ్రేకు తొక్కినప్పుడు వణికితే ఒక రోగం, తొక్కకుండా వణికితే ఇంకొకటి అని వివరించాడు. చక్రాల బరువు సమంగా లేదని తేల్చి టైర్ల దుకాణానికి తీసుకుపోయాడు. వాళ్ళు చక్రాలను మిషను మీద తిప్పి, అంచులకు చిన్న సీసం ముక్కలు కొట్టారు. వణుకు పోయింది. కొన్ని వారాలు హాయిగా తిరిగాను. ఒకనాడు గోదావరి బ్రిడ్జి మీద అది మళ్ళీ వచ్చింది.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. కారు ఇంటి ముందు వదిలేసి బస్సెక్కాను. మళ్ళీ సెలవుకు ఇంటికి వచ్చేసరికి పాప నిద్రపోయింది. తెల్లారి మామ గేటు దగ్గర ఆపాడు.

"బండి ఎందుకు ఇడిచి పోయినవు?"

"మళ్ళ వణుకుతుంది మామా. నా చేతులే గావచ్చు."

ఆయన ముఖం గంభీరమైంది. "నీ చేతులు గావు. నేను జెప్పింది తప్పయింది. నా తప్పును నీ చేతుల మీద ఏసుకోకు."

"అయితే ఒక్కసారి నువ్వే నడిపి సూడు మామా."

ఆయన ఒకసారి తమ వాకిలి వైపు చూసి, మరియమ్మ అత్త బయట లేదని తెలుసుకుని కుడిచెయ్యి నా ముందు చాపాడు. బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే ఆడుతున్నాయి, గింజను నలుపుతున్నట్టు.

"చాన నెలలాయె. స్టీరింగ్ పట్టుకున్న జరసేపటికి మొదలైతది. బండి వణుకుడేదో నా వణుకుడేదో నాకు తెలుస్తలేదు. నీ చేతులే చెప్పాలె బిడ్డా."

నా చేతుల్ని నేనే నమ్మడం మానేసిన రోజుల్లో, బతుకంతా స్టీరింగ్ పట్టిన మనిషి వాటిని నమ్ముతానంటున్నాడు.

ఆ రోజే మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. మామ చెప్పిన ప్రకారం ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకు మార్చారు. మళ్ళీ జగిత్యాల రోడ్డు ఎక్కాం. బండి వేగం అందుకుంది.

"ఇప్పుడు?"

"చేతులకు తెలుస్తలేదు మామా..." వీపు సీటుకు ఆనించాను. "నడుముకు తెలుస్తుంది. సీటు కింద."

ఆయన డాష్‌బోర్డు మీద ఒక్క చరుపు చరిచాడు. "దొరికింది! టైర్లతోని వణుకుడు గూడ ఎనకకు పోయింది. రోగం టైర్లనే ఉంది."

కారును జాకీ మీద లేపి, వెనక చక్రాలను ఒక్కొక్కటే మెల్లగా తిప్పుతూ టైరుకు దగ్గరగా సుద్దముక్క పట్టుకున్నారు. ఒక టైరుకు సుద్ద ఎక్కడా తగల్లేదు. ఇంకోదానికి ఒక్కచోట మాత్రమే తగిలి గీత పడింది. లోపలి వైపు, పైకి కనపడనిచోట, టైరు నిమ్మకాయంత ఉబ్బింది. గుంతలో పడి లోపలి పోగులు తెగి ఉంటాయని, ఉబ్బు పెరిగినకొద్దీ మిషను మీద సరిచేసిన బరువు మళ్ళీ తప్పుతోందని మెకానిక్ చెప్పాడు. "ఇది అడవిల జోరు మీద పగిలితే..." అని మధ్యలో ఆగిపోయాడు. మామ శ్రీకాంత్‌ను పిలిపించి, వాడి వేలు తీసుకుపోయి ఆ ఉబ్బు మీద పెట్టాడు. "మీ వదిన చేతులు దీన్ని ఎప్పుడో వట్టినయ్ కొడుకా," అన్నాడు, అంతే. శ్రీకాంత్ నా వైపు తిరిగి "తప్పయింది వదినా" అన్నాడు. కొత్త టైరు వాడే దగ్గరుండి వేయించాడు.

వచ్చేటప్పుడు చాయ్ తాగడానికి ఆగాం. మామ ఎడమచేత్తో గ్లాసు పట్టుకున్నాడు. నేను అడిగాను, "ఆ చెయ్యి ఎప్పుడు వణుకుతది మామా? ఊకె ఉన్నప్పుడా, ఏమన్న పని జేసేటప్పుడా?"

భుజాలు కదిలాయి. "నా పాఠం నాకే అప్పజెప్తున్నవా?" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయనా నవ్వు ఆపేశాడు. "ఊకె ఉన్నప్పుడే ఎక్కువ. నడుస్తుంటె కాలు గూడ జర గుంజుతుంది. అత్తకు చెప్పకు, పరేషాన్ అయితది."

చెప్పకుండా ఉండలేనన్నాను. ఆ సాయంత్రం ముగ్గురం వాళ్ళ వంటింట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. అత్త ఏడ్వలేదు. "తను గోసుకునుడు మాని, నేను పండ్లు గోసిస్తుంటె ఎందుకు గింత మురిపెంగ తింటుండో అనుకున్న" అని ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాతి సెలవులో నేనే నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నేను భయపడ్డదే, మెల్లగా ముదిరే వణుకు జబ్బు. కానీ మందులు పనిచేశాయి. చొక్కా గుండీలు మళ్ళీ తానే పెట్టుకున్నాడు. కొన్నేళ్ళు గోడ మీదుగా మాకు పలకరింపులు, వంకాయలు అందిస్తూ బాగానే గడిపాడు.

తర్వాత జబ్బు ముదిరింది. ఇల్లు కదలడం తగ్గింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పాపను తీసుకుని కొండగట్టుకు బయలుదేరుతుంటే, మామ అరుగు మీద నుంచి "నేను గూడ వస్త, రోడ్డు జూసి చాన దినాలాయె" అన్నాడు. అత్తనూ ఎక్కించుకున్నాం. గుట్ట మీద మేము దర్శనం చేసుకునేదాకా ఆయన కార్లోనే కూర్చుని కోతుల్ని చూస్తూ ఉన్నాడు. తిరుగు దారిలో పక్క సీటు ఆయనదే. ముందున్న లారీని చూడమన్నాడు, మలుపుల్లో హారన్ కొట్టమన్నాడు. తర్వాత మాట వినపడలేదు. తిరిగి చూస్తే తల అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు.

ఇంటి ముందు ఆపి లేపబోతుంటే వెనక నుంచి అత్త నా భుజం పట్టుకుంది.

"లేపకు బిడ్డా," అన్నది గుసగుసగా. "పెండ్లయినకాడి నుంచి జూస్తున్న. ఇంకొకలు నడిపే బండ్ల ఈయన కన్ను మూసిందే లేదు. రైలెక్కినా అది నడిపేటోని మీద ఫికరే."

ఇంజను ఆపితే మెలకువ వస్తుందేమోనని ఆపలేదు. పాప అత్త ఒళ్ళో తల పెట్టుకుంది. ఆయన లేచేదాకా ముగ్గురం మాట్లాడకుండా అట్లాగే కూర్చున్నాం.

ఆ చలికాలంలోనే మామ పోయాడు. లైసెన్సు చేతికొచ్చిన రోజున కూడా నేను డ్రైవర్ననుకోలేదు. ఆ మధ్యాహ్నం అనుకున్నాను. ఇప్పటికీ ఎవరు నా బండిలో కునుకు తీసినా, నాకు ఏదో అప్పజెప్పినట్టే అనిపిస్తుంది. ముందు రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, యాక్సిలరేటరు మీది కాలు తనంతట తానే కాస్త మెత్తబడుతుంది.