పంతొమ్మిది మందల లెక్క

పోయిన బుధవారం మా మేనత్త కన్నుమూసింది. మోత్కూరు అంగడికి వచ్చిన మనిషి కబురు చెప్పాడు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. వచ్చినవాళ్లు ఒకటే మాట: "పాపం, సదువురాని మనిషి." నాకు ఒళ్లు మండింది. రాలేదా, రానివ్వలేదా? గొర్రెల కాపరి ఇంటి ఆడపిల్లకు ఏ బడి తలుపు తెరిచారని?

అత్త మందను లెక్కపెట్టే తీరే వేరు. దొడ్డి తడిక జరిపి గొర్రెలను ఐదైదుగా వదిలేది. ఎన్ని ఐదులో ఆమెకు అక్కర్లేదు. చివర ఎన్ని మిగిలాయన్నదే లెక్క. "పొద్దుగాల మిగిలినన్నే మాపటికి మిగలాలె. మారిందంటే ఏదో తప్పిపోయినట్టు."

"ఐదూ ఒక్కసారే పోతే?" అన్నాను.

"నాకు కండ్లు లేవా?"

నేను అత్త ఊళ్లోనే కొత్తగా పంతులునైన రోజులవి. సాయంత్రాలు బడిలో ఊరి పెద్దలకు అక్షరాలు నేర్పేవాణ్ని. ఒకనాడు బోర్డు మీద 27721 అని రాశాను. "రెండు మొదలు పన్నెండు దాకా దేనితో భాగించినా ఒకటే మిగులుతుంది. దీన్ని సమానంగా ఎవరూ పంచలేరు" అని గొప్పగా ప్రకటించాను. గుమ్మంలో గొంగడి కప్పుకొని కూర్చున్న అత్త నవ్వింది.

"పన్నెండు కాడనే ఆగినవేంది అల్లుడా? కాళ్లు నొచ్చినయా?"

నాలుగు రోజులు మంద వెంట నడుస్తూ ఆ సంఖ్యనే మోసింది. పదమూడుతో ఐదు మిగిలింది. పదిహేడుతో పదకొండు. ఐదోనాడు బడికొచ్చి నిలబడింది.

"పంతొమ్మిది మందలు జెయ్. మందకు వెయ్యి తోలు. ఇంక నాలుగు నూర్లు తోలు. ఇంక యాభై తొమ్మిది. సూడు, ఒక్కటి మిగల్లే."

వేసి చూశాను. మిగల్లేదు.

ఆ వారమే తనిఖీకి వచ్చిన అధికారికి అదే లెక్క చేసి చూపించాను. "ఎవరు కనిపెట్టారయ్యా?" అన్నాడు. "నేనే సార్" అన్నాను. అత్త గుమ్మంలోనే ఉంది. ఆయన వెళ్లాక, "పోనీలే, నువ్వు చెప్తే ఇన్నడు. నేను చెప్తే గొర్లు గూడ ఇనవు" అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఒకరి కష్టాన్ని మరొకరు తినడం మీద నేను రాసిన వ్యాసాలు మీరు చదివే ఉంటారు. కొన్ని ఆమెకూ చదివి వినిపించాను. అన్నీ విని ఒకటే అడిగేది: "అంత రాసినవా అల్లుడా? ఏం మిగల్లేదా?"

మిగల్లేదనేవాణ్ని.

మిగిలింది. ఆ సంఖ్యను పంచింది మా అత్త, నేను కాదు. పదేళ్ల కింద ఆ అధికారి ముందు అనాల్సిన మాట, ఆమె వినలేని రోజున రాస్తున్నాను. దీన్ని నివాళి అనకండి.

కబురు విని వెళ్లిన మర్నాడు పొద్దున్న తడిక నేనే జరిపాను. ఐదైదుగా వదిలాను. చివరికి ఒక గొర్రె మిగిలింది. అదిలించినా కదల్లేదు. గడప దాటకుండా, అత్త గొంగడి వేలాడే గుంజవైపే చూస్తూ నిలబడింది.