మణెమ్మ నల్ల

ఎల్బీనగర్ కూలీల అడ్డా పక్కన మణెమ్మ బండి పెట్టి ఇరవై రెండేళ్లయింది. మేక నెత్తురు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలేసి వేయించిన నల్ల తప్ప ఆమె మరేదీ అమ్మలేదు. పెనిమిటి పోయాక ఇల్లు నిలబెట్టింది ఆ బండే. ఆ బండి మీదే ఆమె వెళ్లే దిల్‌సుఖ్‌నగర్ చర్చిలో సంఘ పెద్ద ప్రసన్నకుమార్ కళ్లు పడ్డాయి.

ఆయన కోస్తా నుంచి వచ్చి కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పిన మనిషి. లోకమంతా తన క్లాసురూమే అనుకుంటాడు.

"రక్తం తినొద్దని బైబిల్లో, లేవీయకాండంలో దేవుడే చెప్పాడు. అది మానేదాకా నీకు ప్రభువు బల్ల లేదు," అని మణెమ్మకు తేల్చేశాడు. నెలకోసారి సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల అది.

"అపొస్తలులు కూడా రక్తం వద్దన్నారు గానీ, యూదులూ, యూదులు కానివాళ్లూ ఒకే బంతిలో తినాలనే కదండీ. మీరు బంతిలోంచి లేపేస్తున్నారు," అంది అదే సంఘంలోని వేదవతి టీచరు.

"దేవుడి మాట మారదండీ," అన్నాడాయన. అక్కడికి తనే రాసినట్టు.

నాలుగు నెలలుగా ఆయన పట్టుకొచ్చే రొట్టె పళ్లెం మణెమ్మ ముందు ఆగడం లేదు. బాప్తిస్మం నాటి నుంచి ఒక్క నెలా తప్పని మనిషి, తల వంచుకుని ఏడ్చేది. బల్లకు పనికిరాని ఆ చెయ్యే ఆరాధనయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందులో మటన్ కూర వండటానికి మాత్రం పనికొచ్చింది. ఏం భక్తో ఏమో.

చదువురాని మణెమ్మ కోడలు స్వప్నను కూర్చోబెట్టి, నెత్తురు మాట ఉన్న చోటల్లా చదివించుకుంది. లేవీయకాండం మూడో అధ్యాయం చివర, "జర ఆగు. గది మళ్ల సదువు," అంది.

ఈ ఆదివారం కూడా పళ్లెం ఆగలేదు. ఆరాధనయ్యాక విందులో ప్రసన్నకుమార్ ప్లేటు చాచాడు.

"కొవ్వు ముక్కలు చూసి వెయ్యి మణెమ్మా." ప్రతిసారీ అదే కోరిక. సిగ్గనేది లేదు.

మణెమ్మ గరిటె ఆపింది. "నెత్తురు తినొద్దన్న కాడనే కొవ్వు గూడ తినొద్దని ఉంది గద సార్. ఒక్క మాటల్నే రెండున్నయి."

"అది పాత నిబంధన. బలుల సంగతి. మనకు వర్తించదు."

"మరి నా నల్లకు ఎట్ల వర్తించింది సార్?"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చాచిన ప్లేటు మాత్రం వెనక్కి తీయలేదు.

"సర్లే. వచ్చే నెల బల్లకు రా," అన్నాడు గొంతు తగ్గించి.

మణెమ్మ డేగ్చాలో వెతికి కండలేని రెండు బొక్కలు తీసి ఆయన ప్లేట్లో వేసింది.

"అయితె కొవ్వు గూడ ఒచ్చే నెలనే ఏస్త సార్."