తెల్ల బండ మీద నిమ్మచెక్క

నా చిన్నప్పుడు మా అమ్మ మా తాతయ్యకు ఎదురు నిలబడి మాట్లాడడం ఒక్కసారే చూశాను. వేంపల్లెలో మేం కొత్త ఇల్లు కట్టుకుంటున్న రోజులవి. వంటగట్టు మీద ఏ రాయి పరచాలన్న దగ్గర అది జరిగింది.

తాతయ్య, అంటే మా నాన్న తండ్రి, నల్ల కడప బండల వ్యాపారం చేసేవాడు. ఇంటికి ఆనుకునే కోత మిషను, పాలిష్ మిషను ఉన్న షెడ్డు ఉండేది. రాయిని ఆయన పరీక్షించే పద్ధతి నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది. ముందు సుత్తితో మెల్లగా తట్టి వినేవాడు. ఖంగుమంటే మంచి బండ, చప్పగా పలికితే లోపల పగులు. తర్వాత నీళ్లు చల్లి ఆరేదాకా పక్కనే కూర్చునేవాడు. బండంతా ఆరాక కూడా ఎక్కడైనా తడిగీత మిగిలితే అక్కడ సన్నటి చీలిక ఉన్నట్టు. సింకు కోసం కోసేటప్పుడు లోపలి మూలలను గుండ్రంగా తిప్పించేవాడు. మూల కోసుగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుందని చెప్పేవాడు.

ఆ ఇంట్లో గోడల రంగు, తలుపుల చెక్క, గదుల కొలతలు అన్నీ మగవాళ్లే నిర్ణయించారు. అమ్మ అడిగింది ఒక్కటే, వంటగట్టుకు తెల్ల పాలరాయి. ఎక్కడో బంధువుల ఇంట్లో చూసిందట. నాన్న ఎలాగో తంటాలు పడి తెప్పించాడు. తాతయ్య అవుననలేదు, కాదనలేదు. తానే కొలతకు కోయించి, అంచులు నున్నగా చేయించి, గట్టు మీద ఊరికే ఆనించి పెట్టించాడు. మరుసటి రోజు సిమెంటు పోసి బిగించాలి. అమ్మ ఆ బండను తన కొంగుతోనే తుడిచింది.

మధ్యాహ్నం తాతయ్య అందరినీ వంటగదిలోకి పిలిచాడు. జేబులోంచి నిమ్మకాయ తీసి, రెండు చెక్కలు కోసి, ఒక చెక్కను ఆ తెల్ల బండ నడిమధ్యన పిండాడు. పని చేస్తున్న మేస్త్రీ చేతిలో తాపీ అలాగే ఆగిపోయింది. తుడవబోయిన అమ్మను ఆయన చేత్తోనే ఆపి, భోంచేసి వద్దామన్నాడు. ఆ పూట అమ్మ ముద్ద ఎత్తలేదు.

తిరిగొచ్చాక తాతయ్య తువ్వాలుతో బండ తుడిచాడు. రసం పోయింది కానీ మెరుపు కూడా దాంతోనే పోయింది. అరచేయంత మేర వెలవెలబోయిన మచ్చ. నేను వేలు పెట్టి చూశాను. చుట్టూ అద్దంలా ఉంది, అక్కడ మాత్రం సన్నగా గరుకు తగిలింది. రాయిని నిమ్మకాయ తినేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"సూస్తిరా? పులుసు ఒలికితే దీని బతుకు ఇంతే. మన బండ పెట్టుకోండప్పా. అది దేనికీ లొంగేది కాదు" అన్నాడు తాతయ్య.

అమ్మ ఏడుస్తుందనుకున్నాం. ఆమె ఏడవలేదు. మిగిలిన నిమ్మచెక్క అందుకుని నేరుగా షెడ్డులోకి నడిచింది. అక్కడ తాతయ్య మా గట్టు కోసమే సిద్ధం చేసి ఉంచిన నల్ల బండ ఉంది, నూనె పట్టించి నిగనిగలాడుతూ. దాని మీద పిండి, పక్కన నిలబడింది. తాతయ్య నవ్వుతూ అక్కడే బీడీ ముట్టించాడు. మేమంతా వెనకాలే వచ్చాం.

కాసేపటికి మా అవ్వ, అంటే నాన్న తల్లి, వంగి చీర చెంగుతో తుడిచింది. అదే మచ్చ. నలుపు మీద బూడిద రంగులో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. తాతయ్య మోకాళ్ల మీద కూర్చుని గోటితో గీకి చూశాడు. బీడీ ఆరిపోయిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

"మన పాతింట్లో గట్టు బండ మీద ఉండే మచ్చలు ఇవే గదా. నేను బండకు వయసైపోయింది అనుకుంటి" అంది అవ్వ.

అప్పుడు అమ్మ, తలమీద కొంగు సరిచేసుకుని, "రెండూ మచ్చ పడేటివే గదా మామా. అట్లయితే నాకు నచ్చిందే పెట్టండి" అంది.

తిట్టు పడుతుందని నాన్న తలొంచుకున్నాడు. తాతయ్య నల్ల బండ మీది మచ్చను తన తువ్వాలుతో మరోసారి తుడిచాడు. తర్వాత లేచి, సిమెంటు కలపమని మేస్త్రీకి చెప్పాడు. రేపటిదాకా ఆగలేదు. ఆ తెల్ల బండను తన చేతులతోనే సరిచేసి బిగించాడు. మచ్చ దగ్గర మళ్లీ పాలిష్ పట్టిస్తానంటే అమ్మే వద్దంది.

పాలరాయి అయినా, మన కడప బండ అయినా మూలం సున్నపురాయేనని, పులుపు తగిలితే రెండూ కరుగుతాయని, గ్రానైట్ అలా కరగదని ఇంజనీరింగ్‌లో చదువుకున్నాను. తట్టి వినేవాడు, తడిపి చూసేవాడు, పరాయి రాయి మీద నిమ్మరసం పిండినవాడు, సొంత రాయి మీద ఒక్క చుక్క ఎందుకు వేసి చూడలేదన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అది నన్ను ఇప్పటికీ నివ్వెరపరుస్తుంది.

ఇప్పుడు నేనూ వంటగట్లకు రాళ్లు కోయించే పనిలోనే ఉన్నాను. ఎవరైనా వస్తే రకానికో ముక్క ముందు పెట్టి నిమ్మకాయ కోస్తాను. మొదటి చుక్క నాకు బాగా ఇష్టమైన రాయి మీదే వేస్తాను. ఆ తర్వాత ఏది కావాలో వాళ్లనే చెప్పమంటాను. మా ఇంటి గట్టు మీద ఇప్పుడు మచ్చలు చాలా ఉన్నాయి. అమ్మ మాత్రం టీ గ్లాసును ఎప్పుడూ తాతయ్య చేసిన ఆ మొదటి మచ్చ మీదే పెడుతుంది.