వేరే గిన్నెలో కూర

నాకు తిండంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే తర్వాతదంతా విని "పాపం, మొదటి నుంచీ సరిగ్గా తినేది కాదేమో" అనుకుంటారు. కామారెడ్డిలో అమ్మ దగ్గర ఉన్నప్పుడు పచ్చిపులుసుతోనే రెండుసార్లు మారన్నం పెట్టుకునేదాన్ని. 2010లో ఎల్లారెడ్డి పక్కనున్న ఊరికి కోడలిగా పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. మా అత్తమ్మకు నాలో నచ్చింది అదొక్కటే. నా నోటి దురుసు ఆమెకు పడేది కాదు. నేను వేసే ముగ్గు చూసి మూతి తిప్పేది. కానీ నేను కంచం ముందు కూర్చుంటే మాత్రం తానూ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది.

"ఇంకింత పెట్టుకో బిడ్డా. కూర మంచిగున్నదా?"

"మస్తున్నదత్తమ్మా."

అప్పుడు ఆమె మొహం చూడాలి! పొలంలో పది మంది కూలీలకు వండి పెట్టిన మనిషి. ఆమె చేతి వంట తిని బాగాలేదన్నవాడు మా ఊళ్ళో లేడు. ఆమెకున్న పేరు అదే, ఇంకో పేరు లేదు.

2011 వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. జ్వరమైతే తగ్గింది కానీ ఆ తర్వాత నేను మునుపటి మనిషిని కాలేదు. మా ఇంట్లో కోడలు అందరి తర్వాత తింటుంది, తిన్న వెంటనే లేచి బోళ్ళన్నీ జాలారు దగ్గరికి చేర్చి తోముతుంది. ఒకరోజు మధ్యాహ్నం అలాగే కడుపునిండా తిని, కంచం పట్టుకుని లేచాను. గుండె ఒక్కసారిగా దడదడలాడింది. చెవుల్లో హోరు, కళ్ళ ముందు నల్లటి తెర. చేతులు చల్లబడి, వీపంతా చెమట పట్టింది. జాలారు దాకా ఎలా నడిచానో గుర్తు లేదు. తేరుకునేసరికి బోళ్ళ మధ్యలో కూర్చుని ఉన్నాను.

పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి నవ్వింది. "ఏమే, నెల తప్పినవా ఏంది?"

నేను కూడా అదే అనుకుని సంబరపడ్డాను. మూడు నెలలు గడిచినా కడుపు రాలేదు గానీ, కళ్ళు తిరగడం మాత్రం రోజూ వస్తూనే ఉంది. అందులో ఒక పద్ధతి కనపడింది నాకు. పొద్దున ఒక జొన్నరొట్టె తింటే కాస్త నయం. మధ్యాహ్నం అన్నం కుప్ప పెట్టుకుంటే గంటసేపు నరకం. శనివారం ఒక్కపొద్దు ఉన్నప్పుడు, విచిత్రం, పొద్దంతా తేలిగ్గా ఉండేది. తిండంటే ప్రాణమైన మనిషికి తిండే ప్రాణం మీదికి వచ్చింది. ఎవరి మీద పడి ఏడవాలి?

అత్తమ్మ మా ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీని పిలిపించింది. సరిగ్గా నేను తిని లేచిన సమయానికే వచ్చాడాయన. నాడి పట్టుకుని కళ్ళు పెద్దవి చేశాడు.

"అబ్బో, గుండె గింత జోరుగ కొట్టుకుంటుందంటే బీపీయేనమ్మా. ఉప్పు బంద్ చెయ్యుండ్రి."

పట్టీ కట్టి కొలిచిన పాపాన పోలేదు, కొలవమని మేమూ అడగలేదు. అత్తమ్మ మాత్రం హడలిపోయింది. ఆమె తమ్ముడు బీపీతోనే కాలూ చేయీ పడిపోయి పోయాడు. ఆ రోజు నుంచి కూర పొయ్యి మీద ఉండగానే, ఉప్పు వేయకముందే, నా వంతు చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టేది. ఉప్పు లేని కూర గొంతు దిగదు కదా, అందుకని అన్నంలో నెయ్యి, బెల్లం కలిపి ఇంకా ఎక్కువ పెట్టేది. "నీర్సమున్నోళ్ళు మంచిగ తినాలె" అనేది. నేను ఆమె మాట తీసేయలేక తినేదాన్ని. తిని గోడ పట్టుకుని నిలబడేదాన్ని. రోజురోజుకూ ఎక్కువైంది తప్ప తగ్గలేదు.

2012 ఎండాకాలంలో అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. రెండు రోజులు నా కంచం వంకే చూస్తూ ఉంది. మూడో రోజు అత్తమ్మ పెరట్లోకి పోగానే నా చేయి పట్టుకుంది.

"అందరికి ఒక్క కుండల వండి, నీకొక్కదానికే వేరే గిన్నెల ఎందుకు పెడుతున్నదే?"

"నాకు ఉప్పు వద్దన్నరమ్మా. అందుకే తీసి పెడుతది."

"ఉప్పు లేదని తీస్తున్నదో, ఇంకేమన్న కలుపుతున్నదో, ఎవలు చూసిండ్రు?"

నాకు ఒళ్ళు మండింది. "ఏం మాటలమ్మా అవి!" అన్నాను. అమ్మ ఆగలేదు. "తిననప్పుడు ఎట్లుంటది?" అని అడిగింది. "తినకుంటే మంచిగనే ఉంటది. తిన్నంకనే అయితది" అన్నాను. అది నిజమే. కానీ ఆ నిజం అమ్మ చెవిలో ఎలా పడిందో, ఆమె కళ్ళు చూసి నాకు అర్థమైంది. సర్ది చెప్పొచ్చు, చెప్పలేదు. అప్పటికి దాదాపు ఏడాదిగా జవాబు లేని జబ్బుతో చచ్చిపోతున్నాను. ఏదో ఒక జవాబు దొరికితే చాలన్నట్టుంది నాకు.

మా దిక్కు ఒక నమ్మకం ఉంది. గిట్టనివాళ్ళు అన్నంలోనో కూరలోనో మందు కలిపి పెడతారనీ, అది కడుపులో గడ్డకట్టి మనిషిని లోపల్నుంచి తినేస్తుందనీ. దాన్ని కక్కించేవాళ్ళు కూడా ఉంటారు. వానలు తగ్గుముఖం పట్టాక, కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంచుకుంటానని చెప్పి అమ్మ నన్ను కామారెడ్డి తీసుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే పరగడుపున ఆటో ఎక్కించి, రామారెడ్డి దాటాక ఒక ఊరికి తీసుకుపోయింది. అక్కడ ఒక ముసలాయన మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టాడు.

"ఎవలి చేతి కూడు తింటున్నవు బిడ్డా?"

"మా అత్తమ్మది."

"ఆమె మీద అనుమానమున్నదా?"

బస్సులో సీటు కోసం మగవాళ్ళతో సైతం కలబడేదాన్ని నేను. "లేదు" అనే ఒక్క మాట నోట్లోంచి రాలేదు. తల వంచుకుని కూర్చున్నాను. ముసలాయన అమ్మ వైపు చూసి తల ఊపాడు.

ఏదో ఆకు పసరు గ్లాసు నిండా తాగించాడు. పేగులు బయటికొస్తాయా అన్నంతగా కక్కాను. బూడిద పోసిన నేల మీద పుల్లతో కదిలించి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ముద్ద ఒకటి చూపించి "ఇగో, చూడుండ్రి" అన్నాడు. అది నాకు చింతపండు పిప్పిలాగే కనపడింది. ఆ మాట కూడా అనలేదు. లేచి నిలబడగానే పడిపోయాను, పెదవి చిట్లింది. అమ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని "నా బిడ్డ బతికింది" అని ఏడుస్తూనే ఉంది.

ముసలాయన నలభై రోజులు పథ్యం చెప్పాడు. పూటకు ఇంత గంజి, ఉప్పేసిన మజ్జిగ. ఆకలైనప్పుడల్లా కొంచెం కొంచెం తాగాలి, అన్నం ముట్టొద్దు. వారం తిరిగేసరికి నా కళ్ళు తిరగడం తగ్గింది! దడ తగ్గింది, మెట్లెక్కగలిగాను. ఇంక అమ్మను పట్టగలమా? వాడంతా చెప్పుకుంది. చుట్టాలకు ఫోన్లు చేసి మరీ చెప్పింది. "వద్దమ్మా" అని ఒకసారి అన్నాను, మెల్లగా. నిజానికి నాకూ నమ్మకం కుదిరింది. ఒళ్ళే సాక్ష్యం చెబుతుంటే కాదనడమెట్లా?

సద్దుల బతుకమ్మ అయిపోయిన కొన్ని రోజులకు మా ఆయన వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండానే వాళ్ళమ్మ మాట ఎత్తాడు.

"మా అవ్వ నీకు మందు పెట్టిందా?"

తాగుతున్న గంజి గ్లాసు కింద పెట్టాను.

"బతుకమ్మ కాడికి మలీద ముద్దలు చేసుకొని పోయింది. ఆడోళ్ళందరు ఒకలకొకలు పంచుకున్నరు. మా అవ్వ పళ్ళెం పట్టుకొని తిరిగితే ఎవ్వలు చెయ్యి చాపలే. ఎట్ల తీస్కపోయిన ముద్దలు గట్లనే ఇంటికి తెచ్చి ఆవుకు పెట్టింది. అప్పటి సంది పొయ్యి ముట్టియ్యలే. నేను, బాపు వండుకుంటున్నం."

నాకు తల కొట్టేసినట్టయింది. కూలీలకు గంపలకొద్దీ పెట్టిన చేయి అది. ఇల్లిల్లూ తిరిగి అరిచినా ఆ చేతికి మునుపటి పేరు తెచ్చి ఇవ్వలేను. నేను నోరు తెరిచి ఒక్క అబద్ధం చెప్పలేదు. నోరు మూసుకునే ఇంత పని చేశాను.

ఆ రోజుతోనే నా పథ్యం ముగిసింది. అల్లుడొచ్చాడని అమ్మ కోడికూర వండింది. ఏమైనా నా తల్లి కదా, నా కంచంలోనూ కుప్పగా పెట్టింది. ఒక పక్క దుఃఖం, ఒక పక్క నలభై రోజుల ఆకలి. సిగ్గు లేకుండా తిన్నాను. చేయి కడుక్కోవడానికి లేచాను. అదే దడ, అదే నల్ల తెర. మా ఆయన పట్టుకోకపోతే తలుపుకు గుద్దుకునేదాన్ని.

నేల మీద పడుకుని, ఊపిరి అందుతుండగా అడిగాను. "అమ్మా, మరి ఇది ఎవలు పెట్టిండ్రు?"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాపం, ఆమె మొహం నేను చూడలేకపోయాను. నా మీద ప్రేమతోనే చేసింది అంతా. అత్తమ్మ కూడా ప్రేమతోనే చేసింది. ఇద్దరూ తమ ప్రేమంతా నా కంచంలోనే కుప్పపోశారు.

దీపావళి దాటాక మా ఆయన నన్ను హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరమ్మకు చూపించాడు. ఆమె నన్ను పడుకోబెట్టి నాడి లెక్కపెట్టింది, లేపి నిలబెట్టి పది నిమిషాలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. బీపీ కొలిచి "నీకు బీపీ ఎక్కువేం లేదమ్మా" అంది. దీన్ని పాట్స్ అంటారట. కొందరికి జ్వరాల తర్వాత వస్తుందట. నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది, దాన్ని పైకి తేవడానికి గుండె పరుగెత్తుతుంది. కడుపునిండా తిన్నప్పుడు అరగడానికి రక్తం పొట్ట దగ్గరికి చేరుతుంది కాబట్టి తలకు ఇంకా తక్కువవుతుంది. అన్నం, బెల్లం ఒకేసారి ఎక్కువగా తింటే మరీనూ. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమంది. నీళ్ళు బాగా తాగమంది, తిన్న వెంటనే లేవొద్దంది. నా విషయంలో ఉప్పు మానడం తప్పు, పెంచాలి అంది. ముసలాయన పథ్యం ఎందుకు పనిచేసిందో అప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ముందే రెండూ చేశాను.

ఎల్లారెడ్డి బస్సులో వస్తున్నంతసేపూ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చేతిలోనే పట్టుకున్నాను. మడత విప్పడం, మళ్ళీ మడవడం. ఇంటికి చేరగానే అరుగు మీద నిలబడి పక్కింటామెను పిలిచాను, ఎదురింటివాళ్ళను పిలిచాను. అందరూ వినేలా గట్టిగా చెప్పాను, ఇది జ్వరం తర్వాత వచ్చిన రోగమని, ఎవరూ ఏమీ పెట్టలేదని. నా గొంతు మా వాడ చివరిదాకా వినపడి ఉంటుంది. పక్కింటామె "అయ్యో, గట్లనా" అంటూ నేల చూపులు చూసింది. గొప్ప పని చేసినట్టు లోపలికి వచ్చాను.

అత్తమ్మ చాటలో కందిపప్పు ఏరుతోంది. తల ఎత్తలేదు. నేను ఆమె ముందు కూర్చుని కాగితం పరిచాను.

"అందరికి చెప్పిన అత్తమ్మా. ఇగ ఎవ్వలు ఏమనరు. అందరికి తెలిసింది."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఆమె గొంతులో కోపమే ఉంటే నేను కాళ్ళ మీద పడేదాన్ని. కోపం లేదు.

"వాళ్ళకు తెలిస్తేంది, తెల్వకుంటేంది బిడ్డా. వాళ్ళు బయటోళ్ళు" అంది. "నేను పెట్టలేదని నీకు తెలుసు అనుకున్న."