వేములపల్లాయన పేరు

నా చిన్నప్పుడు మా వీధిలో మగపిల్లలకు రెండేసి పేర్లు ఉండేవి. ఒకటి బడిలో రాసుకోవడానికి, ఇంకొకటి ఇంట్లో పిలవడానికి. మనవడికి తాత పేరు పెట్టడం మాలో ఒక రివాజు. ఆ తాత పేరును కోడలు నోటితో అనకూడదన్నది ఇంకో రివాజు. కన్నకొడుకే అయినా మామ పేరుతో ఎలా పిలుస్తుంది? అందుకని చిన్నోడనో బుల్లోడనో ఏదో ఒకటి తగిలించేవారు. నాకిదేమీ వింతగా తోచేది కాదు, లోకమంతా ఇలాగే ఉంటుందనుకునేదాన్ని. ఒక ఎండాకాలం ఈ రెండు రివాజులూ కలిసి మా వీధిని ఉరుకులు పరుగులు పెట్టించాయి. అది తలచుకుంటే ఈ వయసులోనూ నాకు కాలు ఒకచోట నిలవదు.

కోదాడ దాటి కొంచెం లోపలికి వెళితే మా ఊరు వస్తుంది. ఊరి పక్కనే సున్నపురాయి గని. మా వీధి మొత్తం ఆ గని మీదే బతికింది. మగవాళ్లు రాయి కొట్టేవాళ్లు, ఆడవాళ్లు తట్టలతో మోసేవాళ్లు. రాతిలో మందు పేల్చే ముందు ఎవరో ఒకరు ఈల వేసేవారు. మేము ఆట ఆపేసి చెవులు మూసుకునేవాళ్లం. ఒక్కోసారి పేలుడు తర్వాత గని వైపు నుంచి ఏడుపులు వినిపించేవి. అలా మందు పేలి కొందరు, చరియ విరిగిపడి కొందరు, పైనుంచి జారి కొందరు పోయారు. గని నడిపించేవాళ్లు మారుతూ ఉండేవారు కాబట్టి పోయింది ఎవరో ఎక్కడా రాసి లేదు. ఏ ఇంటి దుఃఖం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

మా పక్కింటి అక్క తండ్రి కూడా ఆ గనిలోనే పోయాడు. అక్క అప్పటికింకా తల్లి కడుపులో ఉంది. మా వీధిలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల ఆమే. గలగలా మాట్లాడేది, పట్టు పట్టిందంటే వదిలేది కాదు. మా అమ్మ ఆమెను జగమొండి అనేది గానీ ఆ మాటలో తిట్టు కంటే మెప్పే ఎక్కువ. ఆ ఎండాకాలం అక్కకు ఒక ఆలోచన వచ్చింది. గనిలో పోయినవాళ్లందరి పేర్లూ ఒక బండ మీద చెక్కించి గని దారిలో నిలబెట్టాలని. ఆమె మేనమామ మిర్యాలగూడలో రాతి మీద అక్షరాలు చెక్కే మేస్త్రి. మేనకోడలు మాట కాదనలేక ఒక్కరోజు వస్తానన్నాడు. సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోవాలని ముందే చెప్పాడు. మగవాళ్లు గనిలోనే మంచి బండ ఒకటి చూసి తీసి, నున్నగా చేసి పెట్టారు.

ఇక పేర్లు కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. చనిపోయింది ఎక్కువగా మగవాళ్లు, మిగిలింది వాళ్ల భార్యలు, కోడళ్లు. వాళ్లెవరూ ఆ పేర్లు నోటితో అనరు. అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోతారు. అక్క రెండు రోజులు వీధి వీధంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. మూడో రోజు మమ్మల్ని, అంటే వీధిలోని పిల్లలందరినీ, అరుగు మీద కూర్చోబెట్టింది.

"మీ పేర్లు మీయి కావే. అవి ఎవరియో అడుక్కొని రాపోండి" అంది.

అబ్బ, మేము పరుగెత్తిన పరుగు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అప్పటిదాకా మా పేర్లు మావే అనుకున్నాం. మేనత్తల దగ్గరకు, పెదనాన్నల దగ్గరకు ఉరికి, నా పేరు ఎవరిది, ఆయన ఎలా పోయాడు అని అడగడం, ఆయాసంతో వచ్చి అక్కకు అప్పజెప్పడం. ఇంకా బడిలో చేరని మా వీధి బుల్లోడి అసలు పేరు యాకోబు అని వాడికే ఆ రోజు తెలిసింది. గనిలో పోయిన తాత పేరట. ఇక వాడు బుల్లోడా అంటే పలికితే ఒట్టు. నా పేరు మా నాయనమ్మదని, ఆమె తట్ట మోస్తూ ఉండగా పైనుంచి రాయి పడి పోయిందని మా మేనత్త చెప్పింది. ఆడవాళ్ల పేర్లు కూడా ఎక్కుతాయా అని నేను భయం భయంగా అడిగితే, రాయి పడేటప్పుడు ఆడ, మగ చూసిందా అని అక్క ఎదురడిగింది. నా పేరు బండ మీదికి ఎక్కుతోందని వీధంతా చాటి వచ్చాను. మా అమ్మ హడలిపోయి, ఏం మాటలవి అని వీపు మీద ఒక్కటిచ్చి వెంటనే దిష్టి తీసింది.

అలా అన్ని పేర్లూ దొరికాయి, ఒక్క వేములపల్లాయనది తప్ప.

ఆయన గుడాల అవ్వ భర్త. అవ్వ మా బడి ముందు గుడాలు, అంటే ఉడికించిన శనగలు, బొబ్బర్లు అమ్మేది. ఆయన పని వెతుక్కుంటూ వేములపల్లి నుంచి వచ్చినవాడు కాబట్టి గనిలో అందరూ వేములపల్లాయన అనే పిలిచారు. పెళ్లైన కొన్నేళ్లకే చరియ కింద పడి పోయాడు. పిల్లలు లేరు, అందుకని ఆయన పేరు పెట్టుకున్న మనవడూ లేడు. ఆయనతో పనిచేసిన ముసలివాళ్లు ఒకరిద్దరు ఇంకా ఉన్నారు గానీ, మంచి మనిషి, గడ్డపారను పుల్లలా ఆడించేవాడు అని చెప్పారే తప్ప పేరు చెప్పలేకపోయారు. అక్క నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ మీదుగా వేములపల్లి దాకా కూడా వెళ్లింది. అంత దూరం బస్సెక్కడం నాకు అదే మొదటిసారి. కనబడిన పెద్దవాళ్లనల్లా అడిగాం. తల్లీ తండ్రీ లేక చిన్నతనంలోనే ఊరు విడిచిన పిల్లవాడొకడు ఉండేవాడని ఒకాయన గుర్తు చేసుకున్నాడు. పేరు మాత్రం జ్ఞాపకం లేదన్నాడు.

అసలు బండ సంగతి తెలియగానే అందరికంటే ముందు అక్క దగ్గరకు వచ్చింది అవ్వే. "మా ఇంటాయన కూడ ఉంటడా బిడ్డా దాని మీద?" అని అడిగింది. ఉంటడు, పేరు చెప్పు అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేము చుట్టూ చేరి ఎల్లయ్యా, లింగయ్యా, నాగయ్యా అని తెలిసిన పేర్లన్నీ గుప్పించాం. అవ్వ తల అటూ ఇటూ కూడా ఆడించలేదు. అవునన్నా కాదన్నా చెప్పినట్టే గదా అంది. నేను ఊరుకోలేక, ఆయన చచ్చిపోయిండు గదవ్వా, ఇంకేమైతది అన్నాను.

"చచ్చిపోతే మొగుడు కాకుండ పోతడా?" అంది అవ్వ.

అక్క నన్ను గట్టిగా గిల్లింది. పోనీ వేములపల్లాయన అనే చెక్కిద్దామా అని మెల్లగా అడిగింది. అది ఊరి పేరు, ఆయనకు ఆయన పేరున్నది అంది అవ్వ. ఆ మాట అంటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన పేరు బండ మీద ఉండాలని ఆమెకు ఎంత ఆశో అప్పుడు మాకందరికీ అర్థమైంది. ఆ పేరు తెలిసింది లోకంలో ఆమె ఒక్కతికే, ఆమె పోతే అదీ పోతుంది.

మేస్త్రి రానే వచ్చాడు. పొద్దున్నే పరదా కట్టుకుని దాని నీడలో ఉలి పట్టాడు. వీధంతా అక్కడే. ఒక్కో పేరు పూర్తయినప్పుడల్లా ఆ పేరు పెట్టుకున్న పిల్లవాడు గంతులేశాడు. మా నాయనమ్మ పేరు పడినప్పుడు నేను కూడా వేశాను, మా అమ్మ ఈసారి కొట్టలేదు. మూడు గంటలు దాటేసరికి ఒక్క పేరుకు సరిపడా చోటు మిగిలింది.

"పిల్లా, బస్సు టైమైతుంది. ఏం జెయ్యమంటవో చెప్పు" అన్నాడు మేస్త్రి.

అక్క తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఏం తట్టిందో ఏమో, దిగ్గున లేచి, ఆడపిల్లలందరూ నా వెంట రండే అని పరుగందుకుంది. నేరుగా అవ్వ గుడిసెకు తీసుకువెళ్లి మమ్మల్ని గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబెట్టింది. మధ్యలో తాను నిలబడింది. అప్పటికి నాకు అర్థమైంది. కొత్త జంట మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆడబిడ్డలు ఇలాగే గుమ్మం ఆపుతారు. ఫలానా ఆయన, నేనూ వచ్చాం, తలుపు తియ్యండి అని పెళ్లికూతురు మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తారు. జన్మలో అనకూడని పేరును ఆ ఒక్కచోట మాత్రం అనవచ్చు, అనకపోతే ఎవరూ ఊరుకోరు.

అవ్వ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. మమ్మల్ని చూసి, ఇదేం ఆటనే, జర తప్పుకోండి, గంప దించాలె అంది.

"పేరు చెప్తెనే లోపలికి వదినె. ఆడబిడ్డలం, ఊరికె రానిస్తమా?" అంది అక్క.

వదినె అన్న పిలుపుకు అవ్వ పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. గంప కిందికి దించి, పిచ్చి మొకాల్లారా అని తిడుతూ పక్కనుంచి దూరబోయింది. మేము ఇంకా దగ్గరగా జరిగాం. అప్పుడామె నవ్వు ఆగిపోయింది. మా చాపిన చేతులను ఒక్కొక్కటే చూసింది.

"నన్ను తోలుకొచ్చిన నాడు ఎవరూ అడ్డం నిలవడలే. ఆయనకు అక్కచెల్లెండ్లు లేకపాయె. దారంత ఆయన పేరు మనసుల అనుకుంట వచ్చిన, అడుగుతరేమో అని. వచ్చి సూస్తే తలుపు తీసే ఉన్నది."

అక్క చాపిన చెయ్యి నా చేతిని ఆనుకునే ఉంది. అక్క దాన్ని దించలేదు. "ఇప్పుడు మేమున్నం గద వదినె" అంది.

అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. తన పక్కన ఇంకొకరు నిలబడడానికి చోటిచ్చినట్టు కొంచెం జరిగింది. సిగ్గుపడింది. ఆ ముడతల ముఖంలో అంత సిగ్గు ఎక్కడిదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

"సైదులు, నేను వచ్చినం. తలుపు తియ్యండి."

మేము చేతులు దించాం. అవ్వ లోపలికి వెళ్లింది. అందరం ఒక్కసారిగా పరుగందుకున్నాం. అక్క మేస్త్రి దగ్గరకు, మేమేమో రోడ్డు మీదికి. ఎందుకంటే బస్సు హారన్ వినబడింది. గుమ్మం ఆపిన చేతులతోనే బస్సు కూడా ఆపేశాం. కండక్టర్ దిగి, ఏమైందే మీకు, తప్పుకోండి అని కేకలేశాడు. సైదులు పేరు ఇంక కాలే, జర ఆగు అన్నాను రొప్పుతూ. ఏ సైదులు అన్నాడాయన. మా వైపు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు, హిందువుల ఇళ్లలో కూడా, ఆ పేరే పెడతారు. కేకేస్తే ఏ ఊళ్లోనైనా ఒకరు పలుకుతారు. బస్సులో ఉన్నవాళ్లు కూడా మా బావమరిది సైదులా, నేరేడుచర్ల మిల్లు సైదులా అని కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. నేను కథంతా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. కండక్టర్ వింటూ వింటూ బస్సు మెట్టు మీద కూర్చుండిపోయాడు. మేస్త్రి చేతులకు సున్నపు దుమ్ముతోనే వచ్చి ఎక్కేదాకా బస్సు కదలలేదు.

సాయంత్రం చల్లబడ్డాక అవ్వ బండ దగ్గరకు వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఏది అని అడిగి, నేను చూపించిన అక్షరాల మీద వేలు పెట్టి, చదువు బిడ్డా అంది. చదివాను. ఇంకోసారి అంది. మళ్లీ చదివాను. తన నోటితో మళ్లీ అనలేదు గానీ నేను అంటుంటే వింటూ నిలబడింది. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్లూ బడికి వెళ్లే దారిలో నన్ను ఆపి ఆ పేరు చదివించుకునేది. అందుకు ఒక ఆకు నిండా గుడాలు పెట్టేది.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉంటున్నాను. మా ఆయనను పెళ్లైన నాటినుంచే పేరుపెట్టి పిలిచాను, మా అత్తగారు చాలా రోజులు ముఖం ముడుచుకుని తిరిగింది. ఈ మధ్య మా వైపు గనుల్లో, క్వారీల్లో పోయినవాళ్ల కుటుంబాల కథలు సేకరిస్తున్న పిల్లలు కొందరు నన్నూ వెంట రమ్మన్నారు. పిలవడమే ఆలస్యం, చెప్పులేసుకుని తయారయ్యాను. వాళ్లు ఫోన్లు బయటికి తీసి చనిపోయినాయన పేరు, వయసు, ఊరు అని ఆయన భార్యను గబగబా అడుగుతారు. సమాధానం బావలో మరుదులో చెప్పేస్తుంటారు. నేను వాళ్లందరినీ కాస్త ఆగమంటాను. వెళ్లి ఆమె పక్కన కూర్చుంటాను. ఎంతసేపైనా సరే, ఆ పేరు ఆమె నోటినుంచే రానిస్తాను. వచ్చాక నేను కూడా ఒకసారి పైకి అంటాను. పరాయి మనిషి నోట తన మనిషి పేరు విన్నప్పుడు ఆమె ముఖం ఎలా మారుతుందో చూడాలి. ఆ ఒక్కటి చూడడానికే ఈ మోకాళ్ల నొప్పులతో కూడా బస్సులెక్కి తిరుగుతున్నాను.