పాఠంలో పెట్టిన అబద్ధం

సోషల్ కొత్త పాఠ్యపుస్తకంలో ఒక పాఠం రాసే పని నాకు వచ్చింది. విన్న వార్తను నమ్మేముందు ఎలా సరిచూసుకోవాలో ఏడో తరగతి పిల్లలకు నేర్పే పాఠం. దానికి ఒక అబద్ధపు వార్త కావాలి కదా. ఫోన్లలో తిరిగే మెసేజ్ లాంటిదే కల్పించి, చుట్టూ గీతలు గీసిన పెట్టెలో పెట్టాను: "మూసీ పైన గేట్లన్నీ ఎత్తేశారు. సాయంత్రానికి పురానాపూల్ ఇళ్లలోకి నీళ్లు. అందరికీ పంపండి." కింద ప్రశ్నలు: ఎవరు చెప్పారు? ఎప్పుడు? చూసిందెవరు?

అచ్చుకు ముందు ఒకసారి పరీక్షిద్దామని మా బడి పిల్లలకు జిరాక్సులు పంచాను. ఆ రోజంతా ముసురు. పిల్లలు పాఠం హుషారుగా చేసి, కాగితాలు ఇంటికి తీసుకెళ్లారు.

నేను ఛత్రినాకలో ఇల్లు చేరి తల తుడుచుకుంటుంటే పక్కింటి వదిన ఫోన్ పట్టుకుని వచ్చింది.

"చూసినవా? మా చెల్లె పురానాపూల్ల ఉంటది. నీళ్లొస్తున్నయంట!"

తెర మీద నా పెట్టె. ప్రశ్నలు లేవు. ఎవరో పెట్టె వరకే ఫోటో తీశారు.

"అది అబద్ధం వదినా. పాఠం కోసం నేనే రాసిన."

"బుక్కుల పేజీ అబద్ధమెట్లయితది?"

ఆటో ఎక్కి పురానాపూల్ పోయాను. గల్లీలో లొల్లి లొల్లిగా ఉంది. ఒక ఇంట్లో మంచం మీద బియ్యం సంచులు ఎక్కిస్తున్నారు. నడవలేని ముసలమ్మను ఇద్దరు మోసుకొస్తున్నారు. జారి పడితే? మా తరగతి అమ్మాయి ఒకతె నన్ను చూసి ఏడ్చేసింది.

"ఉత్తదే అని చెప్పిన మేడం. ఎవ్వరు ఇనలే."

ఇద్దరం పూర్తి కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఒక పెద్దాయన అడిగాడు, "ఇయ్యాల ఉత్తదే. రేపు నిజంగనే నీళ్లొస్తే, గిది గూడ పాఠమే అనుకోవాల్నా?" కాగితంలో 'చూసిందెవరు?' అన్న ప్రశ్న ఆయనకు చూపించాను. చివరికి కొందరు వంతెన దాకా పోయి చూసొచ్చారు. నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి. ముసలమ్మను మళ్లీ లోపలికి తీసుకెళ్లేదాకా నేను గల్లీ వదల్లేదు.

పాఠమే తీసేద్దామన్నారు పాఠ్యపుస్తకం కమిటీలో. నేను ఒప్పుకోలేదు. పెట్టె తీసేసి, మెసేజ్‌లో ప్రతి రెండు మాటల మధ్యా ఒక ప్రశ్న ఇరికించాను. కొత్త పేజీ ముందుగా వదినకే ఇచ్చాను.

"ప్రశ్నలు పడకుండ ఫోటో తియ్యి చూద్దాం."

ఎటు తిప్పినా కుదరలేదామెకు. "ఇగ ఫికర్ ఎందుకు?" అంది.

"ఇంకోసారి తియ్యి వదినా," అన్నాను.